ఇంటి మూలలో ఎల్ ఆకారపు డైనింగ్ బెంచీ: కొలతల నుంచి కుషన్ల దాకా

రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ వేస్తే హాల్లో సగం దానికే పోతుంది. టేబుల్ పట్టే చోటు ఎంతో కాదు. కుర్చీ వెనక్కి లాగి లేవడానికి, ఆ వెనక మనిషి నడవడానికి కలిపి మూడడుగులైనా వదలాలి, అదీ చుట్టూ. గదిలో ఒక మూల చూసుకుని గోడలకు ఆనించి బెంచీ కట్టుకుంటే రెండు వైపుల ఆ మూడేసి అడుగులూ మిగిలిపోతాయి. కింద సామాను పెట్టుకోవడానికి పెట్టెలు కూడా వస్తాయి. మంచి కార్పెంటర్‌కి ఇది పెద్ద పని కాదు. ప్లైవుడ్ షాపులోనే ముక్కలు కోయించుకుని తెచ్చుకుంటే, చేతిపని అలవాటున్నవాళ్ళు సొంతంగానూ చేసుకోవచ్చు.

అయితే ఇంటర్నెట్లో కనిపించే బొమ్మలు చూపించి అచ్చం అలాగే చేయించకండి. వాటిలో చాలావరకు మూడు వైపులా బెంచీ, మధ్యలో టేబుల్ ఉంటాయి. చెంచాతో తిని లేచిపోయేవాళ్ళకి అది సరిపోతుంది. మనం చేత్తో కలుపుకుని తింటాం. తిన్నాక ఎంగిలి చేత్తో బెంచీ పట్టుకోలేం, టేబుల్ మీద ఆనలేం, ఒంటి చేత్తో జరుగుతూ జరుగుతూ బయటికి రావాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అది పూటపూటా నరకం. పైగా మన ఇళ్ళలో వడ్డించే మనిషి ఒకరుంటారు. పప్పుగిన్నె, చారుగిన్నె పట్టుకుని వచ్చేవారికి ప్రతి కంచం అందాలి. మూడు వైపులా మూసేస్తే గోడవైపు కూర్చున్నవాళ్ళకి టేబుల్ మీదుగా వంగి వడ్డించాల్సి వస్తుంది.

అందుకే ఎల్ ఆకారం. రెండు గోడలకు బెంచీ, మూడో వైపు కుర్చీలు, నాలుగో వైపు వడ్డనకు ఖాళీ. కింద ఇచ్చిన కొలతలన్నీ ఆ లెక్కన వేసినవే.

ముందు మూలను పరీక్షించండి

బాత్రూమ్‌తో కలిసి ఉన్న గోడ అయితే చెమ్మ ఉందేమో చూడండి. పెయింట్ పొక్కులు లేచినా, అడుగున తెల్లటి ఉప్పులాంటి పొర కనిపించినా అక్కడ చెక్కపని పెట్టకూడదు. ముందు లీకేజీ బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. ప్లైవుడ్ ఎంత ఖరీదైనదైనా, వెనక నుంచి నిత్యం తడి తగులుతుంటే కొంతకాలానికి పాడవుతుంది. చెదలు కూడా తేమ ఉన్నచోటికే ముందు చేరతాయి.

పడమటి గోడ గురించి కూడా ఆలోచించండి. పైఅంతస్తులో ఎండ నేరుగా పడే పడమటి గోడ మే నెలలో రాత్రి భోజనం వేళకి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. దానికి వీపు ఆనించి కూర్చుని తినడం ఎవరికీ ఇష్టం ఉండదు. వేరే మూల లేకపోతే కనీసం పొడుగు బెంచీ ఆ గోడకి రాకుండా చూసుకోండి. తూర్పు ముఖంగా కూర్చుని తినే అలవాటున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఆ ముఖంగా వచ్చే చోటు వాళ్ళు తేలిగ్గా లేవగలిగే కుర్చీగానో, బెంచీ చివరి సీటుగానో ఉండేలా ఇప్పుడే అనుకోండి.

వాష్‌బేసిన్ ఎటు ఉందో, వంటింటి గుమ్మం ఎటు ఉందో చూసి బెంచీ తెరిచి ఉండే చివర అటువైపు రానివ్వండి. గోడకి అడుగు ఎత్తులో ఉన్న ప్లగ్ పాయింట్లు బెంచీ వెనక పడిపోతాయి. వాటిని ఎలక్ట్రీషియన్‌తో టేబుల్ పైకి వచ్చే ఎత్తుకి మార్పించండి. ఇండక్షన్ స్టవ్వో, దోసెల పెనమో టేబుల్ మీద పెట్టే ఆలోచన ఉంటే ఒకటి 16 ఆంపియర్లది పెట్టించండి. ఈ పని చెక్కపని మొదలవకముందే అయిపోవాలి.

ఇక మూల నిజంగా గునియాకి ఉందా లేదా అన్నది. మన ఫ్లాట్లలో చాలా మూలలు కచ్చితంగా 90 డిగ్రీలు ఉండవు. మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగుల దగ్గర, రెండో గోడ వెంట 4 అడుగుల దగ్గర పెన్సిల్ గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి కొలవండి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల గునియాకి ఉన్నట్టు. అర అంగుళం తేడా వస్తే ప్లైవుడ్ వెనక అంచుని గోడ వంపుకి తగ్గట్టు చెక్కించుకోవాలని ముందే తెలుస్తుంది. నేల దగ్గర ఒకసారి, సీటు ఎత్తులో ఒకసారి కొలవండి, ప్లాస్టరింగ్ రెండు చోట్లా ఒకేలా ఉండకపోవచ్చు.

కొలతలు

ఈ పనిలో బాగున్నదీ బాగోలేనిదీ తేలేది ఇక్కడే. సన్‌మైకా రంగు నచ్చకపోతే మళ్ళీ మార్చుకోవచ్చు, సీటు ఎత్తు తప్పితే విప్పి మళ్ళీ కట్టాల్సిందే. ఎవరో పంపిన డ్రాయింగ్ కన్నా మీ ఇంట్లో మనుషుల కాళ్ళనే నమ్మండి.

కుషన్‌తో కలిపి సీటు ఎత్తు 18 అంగుళాలు ఉండాలి. 3 అంగుళాల గట్టి ఫోమ్ మీద మనిషి కూర్చుంటే అది అంగుళం దాకా నొక్కుకుంటుంది. అందుకని చెక్క పెట్టె ఎత్తు 16 అంగుళాలు పెట్టుకుంటే సరిపోతుంది. టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. కూర్చున్న చోటుకీ టేబుల్ పైభాగానికీ మధ్య 12 అంగుళాల తేడా చేత్తో తినేవాళ్ళకి హాయిగా ఉంటుంది, మోచెయ్యి సహజంగా కంచం పక్కకి వస్తుంది. ఇంట్లో అందరూ పొట్టివాళ్ళయితే సీటు, టేబుల్ రెండూ అంగుళం చొప్పున తగ్గించండి. ఒక్కటే తగ్గిస్తే తేడా మారిపోతుంది.

బెంచీ లోతు గోడ నుంచి 22 అంగుళాలు. ఇందులో వీపు పలక వాలు 2 అంగుళాలు, పలక మందం అర అంగుళం, వీపు కుషన్ 2 అంగుళాలు పోతాయి. కూర్చోవడానికి పదిహేడున్నర మిగులుతుంది. అంతకంటే లోతు పెడితే సోఫాలా వెనక్కి వాలిపోతారు, కంచం దూరమవుతుంది. డైనింగ్‌కి సోఫా సుఖం పనికిరాదు.

మనిషికి 24 అంగుళాల వెడల్పు లెక్క వేసుకోండి. పొడుగు గోడ వెంట మూల నుంచి 6 అడుగులు, పొట్టి గోడ వెంట మూల నుంచి 4 అడుగులు బెంచీ కట్టామనుకుందాం. మూలలో 22 అంగుళాల చదరం ఎవరికీ పనికిరాదు. అక్కడ కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు పక్కవాళ్ళ మోకాళ్ళకి తగులుతాయి. చాలామంది కార్పెంటర్లు మూలలో కూడా ఒక మనిషిని లెక్కేసి చెబుతారు, ఒప్పుకోకండి. మూల తీసేస్తే పొడుగు వైపు 50 అంగుళాలు, అంటే ఇద్దరు. పొట్టి వైపు 26 అంగుళాలు, అంటే ఒకరు. ఎదురుగా రెండు కుర్చీలు వేస్తే మొత్తం ఐదుగురు. చుట్టాలు వచ్చిన రోజు నాలుగో వైపు కూడా ఒక స్టూలు వేసుకోవచ్చు.

పొడుగు వైపు లోపలి సీటులో కూర్చున్నవాళ్ళు లేవాలంటే పక్కవాళ్ళు జరగాలి. ఆ చోటు ఇంట్లో చురుగ్గా ఉండే పిల్లలకి ఇవ్వండి.

దీనికి టేబుల్ 48 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు. టేబుల్ అంచు బెంచీ సీటు ముందు అంచు మీదికి 2 అంగుళాలు రావాలి. దూరంగా ఉంటే అన్నం ఒళ్ళో పడుతుంది, మరీ లోపలికి వస్తే పొట్టకి తగులుతుంది. ఇలా పెడితే పొడుగు బెంచీ చివర 4 అంగుళాలు టేబుల్ అడ్డం లేకుండా మిగులుతుంది, లేచేటప్పుడు ఆ కాస్త చోటు చాలా ఉపయోగం. గోడ నుంచి కుర్చీల వెనక దారితో సహా మొత్తం ఏడడుగుల పైచిలుకు కావాలి.

కొలతలు రాసుకున్నాక వెంటనే ప్లైవుడ్ కొనకండి. నేల మీద రంగు టేపుతో బెంచీ, టేబుల్ గీతలు అతికించండి. ఇంట్లో ఉన్న స్టూళ్ళు, ట్రంకుపెట్టెలు, పుస్తకాల కట్టలు వాడి 18 అంగుళాల ఎత్తు తెప్పించి పలక వేయండి. ముందు పాత టేబుల్ పెట్టుకుని ఒక పూట నిజంగా భోజనం చేయండి. ఎవరికి ఇబ్బందిగా ఉందో, గిన్నెలు పట్టుకుని వచ్చేవారికి ఎక్కడ దారి ఇరుకవుతోందో ఆ ఒక్క పూటలో తేలిపోతుంది. ఈ మెట్టు ఎవరూ దాటేయకూడదని గట్టిగా చెబుతున్నాను.

సామాను

భోజనం దగ్గర నీళ్ళు ఒలకడం, రోజూ తడిగుడ్డ పెట్టడం తప్పవు. కాబట్టి గాలిలో తేమని తప్ప తడిని తట్టుకోని మామూలు ఎంఆర్ గ్రేడ్ ప్లైవుడ్ ఇక్కడ వద్దు. పార్టికల్ బోర్డు అసలే వద్దు, ఒకసారి అంచు నుంచి నీళ్ళు తాగితే ఉబ్బిపోతుంది. ఐఎస్ 710 అని అచ్చు ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఏ కంపెనీదో వస్తుంది. షాపువాళ్ళ ముందే చూడండి, మొహమాటం అక్కర్లేదు. షీటు అంచులు చూసి పొరల మధ్య ఖాళీలు లేవని నిర్ధారించుకోండి.

పైన చెప్పిన కొలతలకి 8 అడుగులు, 4 అడుగుల షీట్లు 18 ఎంఎంవి రెండు, 12 ఎంఎంది ఒకటి సరిపోతాయి. 18 ఎంఎం సీట్లకి, ముందు పలకలకి, అడ్డ పలకలకి. 12 ఎంఎం వీపు పలకలకి, పెట్టె అడుగుకి. కటింగ్ లిస్టు కాగితం మీద బొమ్మ వేసుకుని వెళ్తే షాపులో మిషన్ మీద కోసి ఇస్తారు. ఇంట్లో చేతిరంపంతో కోసిన దానికన్నా అంచు నిటారుగా వస్తుంది.

ఇవి కాక 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం టేకు రీపర్లు (పొడవాటి చెక్క పట్టీలు), వాటర్‌ప్రూఫ్ రకం ఫెవికాల్, 2 అంగుళాల స్క్రూలు, గోడకి 3 అంగుళాల స్క్రూలు, స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో దించే గిట్టీలు, మూత పొడవునా వచ్చే పియానో హింజ్, మూత దబ్బున పడకుండా మెల్లగా దింపే స్టే, డ్రాయర్లకి 20 అంగుళాల టెలిస్కోపిక్ ఛానళ్ళు రెండు జతలు, పైన 1 ఎంఎం సన్‌మైకా, లోపలికి పల్చటి లైనర్, అంచులకి పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ కావాలి.

కట్టే క్రమం

అడుగు దిమ్మతో మొదలుపెట్టండి. సొంత ఇల్లయితే ప్లైవుడ్‌ని నేల మీద నేరుగా దింపకండి. ఇటుకలు అడ్డంగా పరిచి సిమెంటుతో ఒక వరస కడితే 3 అంగుళాల ఎత్తు వస్తుంది. ఈ దిమ్మ బెంచీ ముందు అంచు కన్నా 3 అంగుళాలు లోపలికి ఉండాలి, కూర్చున్నప్పుడూ లేచేటప్పుడూ కాలి మడమలు ఆ ఖాళీలోకి వెళ్తాయి. ఆ ఖాళీ లేకపోతే మనిషి లేవడానికి ముందుకి ఎక్కువ వంగాల్సి వస్తుంది. దిమ్మ ముందు భాగానికి నేల టైల్ ముక్కలు అతికిస్తే మాప్ తగిలినా భయం లేదు. నేల చాలా ఇళ్ళలో ఒకవైపుకి వాలి ఉంటుంది కాబట్టి స్పిరిట్ లెవెల్ పెట్టి దిమ్మ పైభాగాన్ని సిమెంటుతో సమం చేయండి. వారం పదిరోజులు ఆరనిచ్చి, దిమ్మకీ చెక్కకీ మధ్య పీవీసీ షీటు ముక్కలు పరవండి. అద్దె ఇల్లయితే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసింది) చౌకట్టు ముక్కలతో ఇదే ఎత్తు తెచ్చుకోవచ్చు.

చెదల మందు కొట్టించాలంటే ఇదే సమయం, గోడకీ నేలకీ కలిసే చోట.

తర్వాత గోడకి రీపర్. నేల నుంచి 15¼ అంగుళాల ఎత్తున రెండు గోడల మీదా లెవెల్ గీత గీయండి. రీపర్ పైఅంచు ఆ గీతకి రావాలి, మీద 18 ఎంఎం సీటు పడితే 16 అంగుళాలవుతుంది. స్విచ్‌బోర్డు నుంచి నిటారుగా పైకీ కిందికీ వైర్లు వెళ్తుంటాయి కాబట్టి ఆ వరసలో డ్రిల్లింగ్ చేయకండి. వంటింటి గోడ అయితే నీళ్ళ పైపు ఎటు పోతోందో కనుక్కోండి. ప్రతి 16 అంగుళాలకి ఒక స్క్రూ. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కడుతున్నారు. వాటిలో మామూలు గిట్టీ గుండ్రంగా తిరుగుతుంది, పట్టు ఉండదు. ఆ బ్లాకుల కోసం పొడవాటి నైలాన్ యాంకర్లు వేరే దొరుకుతాయి, అవే వాడండి.

ఇప్పుడు పెట్టె. మనుషుల బరువు మోసేది అడ్డ పలకలు. గోడ రీపర్ ఉన్నది బెంచీ కదలకుండా పట్టుకోవడానికి. ఒక అడ్డ పలకకీ ఇంకో దానికీ మధ్య 24, 25 అంగుళాలకి మించి ఖాళీ ఉంచకండి. పొడుగు బెంచీకి తెరిచి ఉన్న చివర ఒకటి, మధ్యలో ఒకటి, మూల మొదలయ్యే చోట ఒకటి, మూలలో గోడ వారగా ఒకటి. పొట్టి బెంచీకి చివర ఒకటి, మూల దగ్గర ఒకటి. పలకల వెనక అడుగు మూలలో స్కర్టింగ్ టైల్ మందం మేర గాడి కోయాలి, లేకపోతే పైన గోడకీ చెక్కకీ మధ్య సందు మిగిలి అందులోంచి బొద్దింకలు చేరతాయి. ప్రతి జాయింట్‌కీ ఫెవికాల్ రాసి, ముందు సన్న డ్రిల్ బిట్‌తో రంధ్రం చేసి ఆ తర్వాతే స్క్రూ బిగించండి. రంధ్రం లేకుండా ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దింపితే పొరలు విడిపోతాయి. బిగించాక పెట్టె మూలలకి ఎదురెదురుగా టేపు పట్టి చూడండి, రెండు కొలతలూ సమానంగా రావాలి.

వెనక పలకల్లోనూ కింద ముందు అంచు దగ్గరా అంగుళం రంధ్రాలు రెండేసి పెట్టి జాలీ కొట్టండి. గాలి ఆడని పెట్టెలో వానాకాలం బూజువాసన వస్తుంది.

ఈ పద్ధతిలో లోపల దాదాపు పన్నెండు అంగుళాల ఎత్తు ఖాళీ దొరుకుతుంది. దాన్ని ఎలా తెరుస్తామన్నది అసలు ప్రశ్న. అందరూ సీటు పైకి లేచే మూత పెట్టించేస్తారు. టేబుల్ అంచు సీటు మీదికి ఉంది కదా, మూత ఎత్తాలంటే ప్రతిసారీ కుషన్ తీయాలి, టేబుల్ జరపాలి. రెండు నెలలు పోయాక ఎవరూ దాన్ని తెరవరు. రోజూ కావలసినవాటికి బెంచీ చివరల నుంచి బయటికి వచ్చే డ్రాయర్లు పెట్టించండి. పొడుగు బెంచీ చివర ఒకటి, పొట్టి బెంచీ చివర ఒకటి. కంచాలు, గ్లాసులు, వేడిగిన్నెల కింద పెట్టే చుట్టలు, టేబుల్ గుడ్డలు, పిల్లల పుస్తకాలు అన్నీ వాటిలో సర్దుకుంటాయి.

పొడుగు బెంచీ లోపలి భాగానికి మాత్రం మూత. పండక్కో, చుట్టాలు వచ్చినప్పుడో తీసే పెద్ద గిన్నెలు, గంగాళం, చాపలు అందులో పెట్టండి. మూలలో ఉన్న చదరపు పెట్టెకి హింజ్ అక్కర్లేదు, వేలు దూరే రంధ్రం ఉన్న పలక ఎత్తి పక్కన పెట్టేలా చేయండి. బొమ్మల కొలువు బొమ్మలు గుడ్డల్లో చుట్టి దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఇంట్లో ఉండదు. ఏడాదికి ఒకసారి తీస్తాం, మిగతా రోజుల్లో ఎవరి చెయ్యీ తగలదు. ఆవకాయ జాడీలు మాత్రం ఇందులో పెట్టకండి, వంగి బరువు ఎత్తడం కష్టం, నూనె ఒలికితే చెక్కకి పట్టేస్తుంది. బియ్యం కూడా గాలి తగిలే చోటే ఉండాలి.

మూత సీటు మొత్తం లేచేలా చేస్తే వీపు కుషన్‌కి తగిలి సగంలో ఆగిపోతుంది. వెనక 5 అంగుళాల పట్టీ కదలకుండా బిగించి, పియానో హింజ్ ఆ పట్టీకి వేసి, ముందున్న 17 అంగుళాలే లేచేలా చేయండి. స్టే లేకుండా మూత వదలకండి, పిల్లల వేళ్ళు నలుగుతాయి. మంచాలకి వాడే గట్టి గ్యాస్ పంపు ఇంత చిన్న మూతకి వేస్తే ఎవరూ కూర్చోనప్పుడు అదే పైకి లేస్తుంటుంది. మెల్లగా దిగే చిన్న స్టే చాలు.

వీపు పలక నిటారుగా ఉంటే పది నిమిషాలకి వీపు పట్టేస్తుంది. 18 అంగుళాల ఎత్తుకి 2 అంగుళాల వాలు ఇవ్వండి. కింద 2 అంగుళాల మందం, పైకి వచ్చేసరికి సన్నబడే చెక్క ముక్కలు గోడకి ప్రతి రెండడుగులకి ఒకటి బిగించి, వాటిమీద 12 ఎంఎం పలక కొట్టండి. రెండు వాలు పలకలు మూలలో కలిసే చోట లెక్క కాస్త చిక్కు. పొడుగు వైపు పలకని గోడ దాకా పోనిచ్చి, పొట్టి వైపు పలకని దానికి ఆనేలా అంచు వాలుగా కోయిస్తే సరి. మిగిలిన సన్న సందు కుషన్ల వెనక కనిపించదు.

సన్‌మైకా అతికించేటప్పుడు మూతకి పైనా కిందా రెండు వైపులా వేయండి. ఒకవైపే వేసిన పలక కొన్నాళ్ళకి విల్లులా వంగుతుంది. ముందు పలకకి మెరుపు లేని రకం, మరీ తెలుపు కాని రంగు తీసుకుంటే కాలి మరకలు కనిపించవు. బెంచీ చివరలు, టేబుల్ మూలలు గుండ్రంగా చేయించండి. చిన్నపిల్లలున్న ఇంట్లో టేబుల్ మూల సరిగ్గా కంటి ఎత్తులో ఉంటుంది.

కుషన్లు

ఫోమ్‌ని డెన్సిటీతో అడగండి. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోల బరువుందని అర్థం. సీటుకి 40, వీపుకి 32 చాలు. మెత్తగా ఉందని తక్కువ డెన్సిటీది కొంటే ఆరు నెలల్లో గుంటలు పడుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే కింద 2 అంగుళాల రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు నొక్కి అతికించి చేసింది), పైన అంగుళం మామూలు ఫోమ్ వేయించండి. పెద్దవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది.

బట్ట విషయంలో షాపువాళ్ళు రెక్సిన్ అంటారు, తుడిస్తే పోతుందని. నిజమే, కానీ ఎండాకాలం చెమటకి ఒంటికి అతుక్కుంటుంది, చౌకరకం కొన్నేళ్ళకి పొరలు పొరలుగా ఊడుతుంది. మందపాటి నేత బట్ట, వెనక జిప్పు, విప్పి ఉతుక్కునేలా రెండు జతల కవర్లు కుట్టించుకోవడం నాకు మేలనిపిస్తుంది. రంగు ఎంచేటప్పుడు పసుపు మరకని గుర్తుపెట్టుకోండి, లేత రంగు బట్ట మీద పసుపు పడితే పూర్తిగా వదలదు. ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు, ముదురు నీలం మన వంటలకి తట్టుకుంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే సీటుకి రెక్సిన్, వీపుకి బట్ట వేయించుకోవడం మధ్యేమార్గం.

కుషన్లని చెక్కకి మేకులతో కొట్టించకండి. సీటుకీ వీపుకీ మధ్య సందులో మెతుకులు పడతాయి, చీమలు వస్తాయి. ముక్కలు ముక్కలుగా, వెల్‌క్రో పట్టీతో ఉంటే వారానికోసారి ఎత్తి దులిపి తుడవొచ్చు.

టేబుల్, వెలుతురు

బెంచీకి నాలుగు కాళ్ళ టేబుల్ వేస్తే మూలల్లోని కాళ్ళు జరిగేవాళ్ళ మోకాళ్ళకి అడ్డం. మధ్యలో ఒకే స్తంభం ఉన్నది గానీ, కాళ్ళు అంచు నుంచి బాగా లోపలికి ఉన్నది గానీ చేయించండి. పైన గ్రానైట్ వేస్తే వేడి గిన్నె నేరుగా దింపొచ్చు, మరకలు పడవు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ రెండూ మన దగ్గరివే. పాలరాయి జోలికి వెళ్ళకండి. నిమ్మరసం, చింతపండు పులుసు తగిలినచోట దాని మెరుపు పోయి మచ్చలు మిగులుతాయి. 18 ఎంఎం గ్రానైట్ చదరపు అడుగుకి దాదాపు నాలుగున్నర కిలోలు ఉంటుంది. ఈ టేబుల్ పది చదరపు అడుగులు, అంటే 45 కిలోలు. ఒంటి స్తంభమైతే ఇనుప అడుగు పలక వెడల్పుగా, బరువుగా ఉండాలి, ఒక చివర ఎవరైనా ఆనుకున్నా ఒరగకూడదు. టేబుల్‌ని నేలకి బిగించకండి. మూత తీయడానికీ, కింద ఊడవడానికీ ఇద్దరు కలిసి జరపగలిగేలా ఉంచండి. రోజూ జరపాల్సి వస్తుందనుకుంటే ప్లైవుడ్ మీద సన్‌మైకా టేబుల్ తేలిక.

టేబుల్ పైన వేలాడే లైటు పెట్టాలనుకుంటే టేబుల్ నుంచి 30 అంగుళాల ఎత్తు బాగుంటుంది. సీలింగ్ ఫ్యాన్ రెక్కల పైన లైటు ఉంటే కంచంలో నీడలు తిరుగుతాయి, తినేటప్పుడు చిరాకు. మూల వరకు ఫ్యాన్ గాలి రాకపోతే గోడకి చిన్న ఫ్యాన్ పెట్టించండి.

నేల మీది సొంత ఇల్లయితే

చెక్క లేకుండా అరుగులా కట్టుకోవచ్చు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, పైన కడప రాయి గానీ తాండూరు రాయి గానీ, మీద కుషన్లు. చెదల భయం లేదు, నీళ్ళు పోసి కడగొచ్చు. కొలతలు పైవే, రాయి మందం కలిపి 16 అంగుళాల ఎత్తు. గోడలు రెండడుగులకి ఒకటి ఉండేలా కడితే కింద గూళ్ళు వస్తాయి, వాటికి చిన్న తలుపులు పెట్టుకోవచ్చు. పైఅంతస్తు ఫ్లాట్‌లో ఇలా కట్టాలనుకుంటే స్లాబు మీద పడే బరువు గురించి ఇంజనీరును అడిగాకే మొదలుపెట్టండి.

పని అయ్యాక

కొత్త ప్లైవుడ్, జిగురు వాసన కొన్నాళ్ళు ఉంటుంది. మూత, డ్రాయర్లు తెరిచి, కిటికీలు తీసి రెండు వారాలు వదిలేయండి. ఆ లోపల తినే సామాను పెట్టకండి. మొదటి వానాకాలం గడిచాక ఒకసారి హింజ్ స్క్రూలు, గోడ స్క్రూలు బిగించండి, చెక్క తేమకి కాస్త ఉబ్బి తగ్గేసరికి అవి వదులవుతాయి. పెట్టెలన్నీ ఖాళీ చేసి టార్చిలైటు వేసి వెనక మూలల్లో మట్టి గీతలు ఉన్నాయేమో చూడండి. సన్నటి మట్టి గీత కనిపిస్తే అది చెదల దారి. గీరేసి ఊరుకోకుండా ఆ వారంలోనే మందు కొట్టించండి.